విదేశీ ప్రభుత్వాలతో సంబంధాలు: ఏ ప్రాంతానికి పెద్దపీట వేయాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ ప్రభుత్వమైనా విదేశీ సంబంధాల ప్రణాళిక రాయడానికి కూర్చుంటే దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. విదేశాంగ శాఖల్లో పనిచేసేవారు, రాష్ట్ర, నగర ప్రభుత్వాల అంతర్జాతీయ విభాగాల్లో కొత్తగా చేరినవారు, ఈ విషయం చదువుకుంటున్న విద్యార్థులు అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చాం. పని సాగే వరుసలోనే పెట్టాం గానీ, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

అన్ని దేశాలతోనూ మంచిగా ఉంటే పోదా? ఎంపిక ఎందుకు?

మంచిగా ఉండటానికి ఎంపిక అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలు ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగంతో దౌత్య సంబంధాలు ఉన్న ప్రభుత్వాలు ఎన్నో. అయితే సంబంధం ఉండటం వేరు, దాని మీద పని జరగడం వేరు. మంత్రి ఏడాదిలో చేయగల పర్యటనలు, అక్కడి భాష వచ్చిన అధికారులు, రాయబార కార్యాలయాలకు ఇచ్చే డబ్బు, ఈ మూడూ ఎంత పెద్ద ప్రభుత్వానికైనా పరిమితమే. ఎంపిక చేసుకోని ప్రభుత్వానికి కూడా ప్రాధాన్యాలు ఏర్పడతాయి. కాకపోతే వాటిని నిర్ణయించేది ఆహ్వానాలు పంపే ఇతర దేశాలు.

ముందు ప్రాంతం ఎంచుకోవాలా, లక్ష్యం ఎంచుకోవాలా?

లక్ష్యం. ఈ ఒక్క విషయంలో వరుస తప్పితే తర్వాతి పనంతా తప్పుదారి పడుతుంది. "ఆఫ్రికాతో సంబంధాలు పెంచుకోవాలి" అని రాసుకున్న ప్రభుత్వం, తనకు ఏం కావాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. "మా రైతులకు ఫాస్ఫేట్ ఎరువులు నిలకడగా అందాలి" అని రాసుకుంటే దారి నేరుగా మొరాకో వైపు వెళ్తుంది, ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిల్వల్లో సింహభాగం అక్కడే ఉంది కాబట్టి. "బ్యాటరీల తయారీకి లిథియం కావాలి" అంటే చిలీ, అర్జెంటీనా, ఆస్ట్రేలియా పేర్లు వస్తాయి. "మా నర్సులకు గౌరవంగా బతికే ఉద్యోగాలు కావాలి" అంటే వృద్ధుల సంఖ్య పెరుగుతున్న జర్మనీ, జపాన్ ముందుకొస్తాయి. ఒక్కో అవసరం ఒక్కో ఖండానికి తీసుకెళ్లింది చూడండి. ఐదారు అవసరాలు రాసి, ఒక్కోదానికి ఎదురుగా దాన్ని తీర్చగల దేశాలు రాస్తే, ఒకటి కంటే ఎక్కువసార్లు కనిపించే ప్రాంతాలే మీ మొదటి జాబితా.

"ప్రాంతం" అంటే ఖండమా, కూటమా, పొరుగు దేశాల గుంపా?

చేసే పనిని బట్టి హద్దు మారుతుంది. భౌగోళిక పటంలో ఉన్న హద్దులనే తీసుకుంటే చిక్కుల్లో పడతారు.

సుంకాల గురించి మాట్లాడాలంటే, ఎవరు నిర్ణయం తీసుకుంటారో వాళ్లే మీ ప్రాంతం. ఐరోపా సమాఖ్యలో 27 దేశాలున్నా వాణిజ్య విధానం సమాఖ్యదే. జర్మనీ ఒక్కదానితో సుంకాల తగ్గింపు ఒప్పందం కుదుర్చుకోవడం సాధ్యం కాదు, దారి సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్ మీదుగానే. 1910 నుంచి నడుస్తున్న, ఆఫ్రికా దక్షిణ భాగంలోని కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకాల కూటమి) ఐదు దేశాలకూ బయటి సరుకు మీద ఉమ్మడి సుంకాలే. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ సంగతి వేరు. దాని సచివాలయం జకార్తాలో ఉంది, కూటమిగా ఒప్పందాలు కూడా చేసుకుంటుంది. కానీ ఏ సభ్యదేశం సుంకాలు ఆ దేశానివే, కూటమి నిర్ణయాలకు అందరి ఏకాభిప్రాయం కావాలి. సింగపూర్‌తో విడిగా ఒప్పందం చేసుకోవచ్చు, చాలా దేశాలు చేసుకున్నాయి.

విద్య, సంస్కృతి, నేర పరిశోధనలో సహకారం లాంటివి ఎక్కువగా దేశాలతో విడివిడిగా తేల్చుకునేవి. సముద్ర భద్రత అయితే ఒకే సముద్రాన్ని పంచుకునే దేశాలన్నీ ఒక ప్రాంతం, అవి రెండు ఖండాల్లో ఉన్నా సరే.

ఒక్క హెచ్చరిక. ఆఫ్రికన్ యూనియన్‌లో 55 సభ్యదేశాలు ఉన్నాయి. "ఆఫ్రికా"ను ఒక ప్రాంతంగా రాసుకోవడం అంటే పని మొదలుపెట్టకుండానే చేతులెత్తేయడం. తూర్పు తీరమా, పశ్చిమ తీరమా, ఏ మూడు నాలుగు దేశాలు అన్నదాకా దిగాలి.

మాది దేశం కాదు, రాష్ట్ర ప్రభుత్వం (లేదా నగరపాలక సంస్థ). మాకు ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది, మీ రాజ్యాంగం గీసిన గీత లోపల. ఆ గీత ఒక్కో దేశంలో ఒక్కోచోట ఉంటుంది. అమెరికా రాజ్యాంగం రాష్ట్రాలు విదేశాలతో సంధులు చేసుకోకూడదని స్పష్టంగా చెప్తుంది. బెల్జియం తన ప్రాంతీయ ప్రభుత్వాలకు వాటి అధికార పరిధిలోని అంశాలపై సంధులు చేసుకునే హక్కు ఇచ్చింది. కెనడాలోని క్యూబెక్ 1961లోనే పారిస్‌లో కార్యాలయం తెరిచింది. స్వదేశంలో తన పరిధిలో ఉన్న విషయాలను విదేశాల్లోనూ తానే చూసుకోవచ్చన్న సూత్రాన్ని 1965లో ప్రకటించి, ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. కాలిఫోర్నియా, క్యూబెక్ తమ కర్బన ఉద్గారాల మార్కెట్లను (ఉద్గారాలు వదిలే అనుమతులను కొని అమ్ముకునే ఏర్పాట్లను) 2014లో కలిపాయి. రెండూ దేశాలు కావు, అయినా పని జరిగింది.

నగరాల విషయానికొస్తే, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ, సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్ 1944లో సోదర నగరాలయ్యాయి. రెండూ బాంబు దాడుల్లో నేలమట్టమైన ఊళ్లు, అదే వాటిని కలిపింది. నగరాలకు ప్రాంతాల లెక్క కంటే ఇలాంటి పోలికే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. ఓడరేవు నగరం ఇంకో ఓడరేవు నగరాన్ని, వరదలతో సతమతమయ్యే నగరం అలాంటి మరో నగరాన్ని వెతుక్కోవాలి.

## ప్రాంతాలను పోల్చి చూసేటప్పుడు

పొరుగు దేశాలతో గొడవలే ఎక్కువ. వాళ్లను వదిలేసి దూరాన ఉన్న పెద్ద దేశాలతో మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ పొరుగును వదిలేసి కాదు. నది నీళ్లు, సరిహద్దు దాటే రోగాలు, పశువులు, దొంగ రవాణా, శరణార్థులు, ఇవన్నీ పక్కింటి నుంచే వస్తాయి. దూరాన ఉన్న స్నేహితుడు ఎంత పెద్దవాడైనా వీటిని తీర్చలేడు. ఇథియోపియాను చూడండి. 1993లో ఎరిత్రియా స్వతంత్ర దేశం అయ్యాక ఇథియోపియాకు సముద్రతీరం లేకుండా పోయింది. ఇప్పుడు దాని విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం చిన్న పొరుగు దేశం జిబూతీ రేవు మీదుగా సాగుతోంది. అదిస్ అబాబాలో కూర్చున్న విదేశాంగ మంత్రికి పెద్ద దేశాల రాజధానులు ఎంత ముఖ్యమో జిబూతీ అంతే ముఖ్యం. సముద్రం లేని వర్ధమాన దేశాలుగా ఐక్యరాజ్యసమితి గుర్తించినవి 32 ఉన్నాయి. వాటన్నిటిదీ ఏదో ఒక రూపంలో ఇదే పరిస్థితి.

గొడవ ఉందంటే మాట్లాడుకునే దారులు ఇంకా ఎక్కువ కావాలని అర్థం. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ 1963లో ఎలీజే సంధి చేసుకున్నప్పుడు యుద్ధం ముగిసి 18 ఏళ్లే అయింది. ఆ సంధిలో గొప్ప వాగ్దానాల కంటే క్యాలెండర్ ఎక్కువ కనిపిస్తుంది. దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు, విదేశాంగ మంత్రులు కనీసం మూడు నెలలకోసారి కలవాలి. రెండు దేశాల యువతను కలపడానికి విడిగా ఒక సంస్థ. సఖ్యత ఉన్న ఏళ్లలోనూ లేని ఏళ్లలోనూ ఆ సమావేశాలు జరుగుతూనే వచ్చాయి. పొరుగుతో సంబంధాన్ని నిలబెట్టేది ఇలాంటి ఏర్పాటే.

ప్రాంతాలను ఏ కొలమానాలతో పోల్చాలి? మార్కులు వేసి తేల్చేయవచ్చా?

ఎక్కువమంది మొదట చూసేది ఇప్పటి వాణిజ్యం లెక్క. అది చాలదు. ఇప్పటికే ఎక్కువ వ్యాపారం జరిగే చోట ప్రభుత్వం లేకపోయినా వ్యాపారం నడుస్తుంది. ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్ 1962లో చూపించిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలు ఎంత పెద్దవైతే వాటి మధ్య వ్యాపారం అంత ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తక్కువ. ఆ అంచనా కంటే అసలు వ్యాపారం బాగా తక్కువగా ఉన్న ప్రాంతం కనిపిస్తే, అక్కడ ఏదో అడ్డు ఉందన్నమాట. వీసాలా, నేరుగా విమానాలు లేకపోవడమా, బ్యాంకు లావాదేవీల ఇబ్బందా, నాణ్యతా ప్రమాణాల తేడానా? అలాంటి అడ్డును తొలగించగలిగేది ప్రభుత్వమే.

దీనికి తోడు మన అవసరం ఎంత తీరుతుంది, అటువైపు ఆసక్తి ఎంత, ఖర్చు ఎంత, మనకంటే ముందు ఎవరెవరు అక్కడ ఉన్నారు అన్నవి చూడాలి. మార్కులు వేయడం వల్ల ఒక మేలుంది. శాఖలు ఒకదానితో ఒకటి వాదించుకోవడానికి అందరికీ ఒకే కాగితం దొరుకుతుంది. కానీ మొత్తం మార్కులను తీర్పుగా తీసుకోవద్దు. దేనికి ఎంత బరువు ఇచ్చారన్న దాంట్లోనే అసలు నిర్ణయం దాగి ఉంటుంది. దాన్ని అధికారులు పట్టికలో పెట్టేయడం కంటే మంత్రివర్గం బయటికి చెప్పి తీసుకోవడం మేలు.

మాకు ఆసక్తి ఉంది. అటువైపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

దౌత్య సంబంధాలు ఇరువైపుల అంగీకారంతోనే ఏర్పడతాయని 1961 నాటి వియన్నా ఒప్పందం రెండో అధికరణం చెప్తుంది. అంగీకారం దాదాపు అందరూ ఇస్తారు, ఆసక్తి అందరికీ ఉండదు. మీ రాజధానిలో వాళ్లు కార్యాలయం తెరిచారా? ఉత్తరాలకు జవాబు ఏ స్థాయి అధికారి నుంచి వస్తోంది? సమావేశాల ఎజెండాలో వాళ్లు చేర్చిన అంశాలు ఉన్నాయా, లేక అంతా మీరు రాసిందేనా? ఈ మూడో గుర్తు అన్నిటికంటే నమ్మదగినది. ప్రతిసారీ మీ ముసాయిదాకే తలూపి పంపిస్తున్నారంటే, మర్యాద చేస్తున్నారనే అర్థం.

మన ప్రవాసులు ఎక్కువగా ఉన్న ప్రాంతానికే మొదటి స్థానం ఇవ్వాలా?

ప్రవాసుల బాగోగులు చూడటం ప్రభుత్వ బాధ్యత, దానికి ప్రాధాన్యాల జాబితాతో పని లేదు. పాస్‌పోర్టు పోగొట్టుకున్న కార్మికుడికి, జీతం అందని ఇంటి పనిమనిషికి కార్యాలయం తలుపు తెరిచే ఉండాలి. కష్టకాలంలో దీని విలువ తెలుస్తుంది. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం 1,70,000 మందికి పైగా తన పౌరులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. అక్కడి ప్రభుత్వాలతో ముందునుంచీ మాటలు లేకపోతే అంతమందిని కదిలించడం సాధ్యమయ్యేది కాదు.

ఇక వ్యూహపరంగా చూస్తే, ప్రవాసుల సంఖ్య ఒక్కటే చాలదు. వాళ్లకు అక్కడ ఓటు ఉందా, ఉద్యోగ భద్రత ఉందా, లేక అనుమతి గడువు తీరగానే తిరిగి రావాల్సినవారా? తాత్కాలిక కార్మికులు ఉన్న చోట కార్మిక ఒప్పందాలు ముందు. స్థిరపడినవారు ఉన్న చోట పెట్టుబడులు, పరిశోధన ముందు. ప్రవాసులు మన తరఫున అక్కడి రాజకీయాలను నడిపిస్తారని మాత్రం లెక్క వేసుకోవద్దు. అది వాళ్లనూ ఇబ్బంది పెడుతుంది.

అందరూ ఇండో-పసిఫిక్ (హిందూ, పసిఫిక్ మహాసముద్రాల ప్రాంతం) అంటున్నారు. మేమూ అటే వెళ్లాలా?

మీ అవసరం అక్కడ ఉంటేనే. పెద్ద దేశాలే ఈ దారిలో తడబడ్డాయి. 2011లో అమెరికా ఆసియాకే ప్రాధాన్యమని ప్రకటించింది, 2016లో పసిఫిక్ భాగస్వామ్య వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది, 2017 జనవరిలో అందులోంచి తప్పుకుంది. మిగిలిన 11 దేశాలు ఒప్పందాన్ని మార్చుకుని ముందుకు సాగాయి. బ్రిటన్ 2021లో అదే ప్రాంతం వైపు మొగ్గుతున్నామని చెప్పి, అదే ఏడాది ఆసియాన్ సంభాషణ భాగస్వామి హోదా (కూటమితో క్రమం తప్పకుండా చర్చించే బయటి దేశంగా గుర్తింపు) తెచ్చుకుంది. 2024 డిసెంబరులో ఆ 11 దేశాల ఒప్పందంలో చేరింది. ప్రకటనకు పని తోడవడం అంటే ఇది.

అందరూ క్యూ కట్టిన రాజధానిలో చిన్న దేశానికి దొరికేది కింది స్థాయి అధికారితో అరగంట. తుర్కియే (టర్కీ) ఇంకో దారి ఎంచుకుంది. 2005ను ఆఫ్రికా సంవత్సరంగా ప్రకటించింది. 2002లో ఆ ఖండంలో 12గా ఉన్న దాని రాయబార కార్యాలయాలు రెండు దశాబ్దాల్లో 40 దాటాయి. 2011లో సొమాలియా కరవుతో అల్లాడుతుంటే అప్పటి తుర్కియే ప్రధాని ఎర్డోగాన్ స్వయంగా దాని రాజధాని మొగదిషు వెళ్లారు. మరుసటి ఏడాది తుర్కియే విమానాలు అక్కడ దిగడం మొదలైంది. ఇతరులు అడుగుపెట్టడానికి జంకుతున్న చోట ముందుగా నిలబడటంతో అక్కడ దానికి దక్కిన చోటు మాటల్లో చెప్పలేనిది.

ఒకే పెద్ద భాగస్వామి ఉంటే నష్టమేంటి?

వాళ్ల నిర్ణయం మీ భవిష్యత్తును మార్చేస్తుంది. న్యూజీలాండ్ వెన్న, మాంసానికి బ్రిటనే ప్రధాన మార్కెట్‌గా ఉండేది. 1973 జనవరి 1న బ్రిటన్ ఐరోపా ఆర్థిక సముదాయంలో (నేటి ఐరోపా సమాఖ్యకు ముందు రూపం) చేరింది. న్యూజీలాండ్ కొత్త దారులు వెతుక్కోక తప్పలేదు. 1983లో ఆస్ట్రేలియాతో సన్నిహిత ఆర్థిక ఒప్పందం అమల్లోకి వచ్చింది. 2008లో చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది, అలా చేసుకున్న మొదటి అభివృద్ధి చెందిన దేశం అదే. తర్వాత చైనా మీద ఆధారపడటం ఎక్కువైందన్న చర్చ అక్కడ మొదలైంది. కాబట్టి ఈ లెక్క ఒకసారి సరిచేసి వదిలేసేది కాదు.

అక్కడి పాలన తీరు, మానవ హక్కులు చూడాలా?

చూడాలి. ఏం జరిగితే ఆగిపోతామో సంబంధం మొదలవకముందే రాసిపెట్టుకోవాలి. డబ్బు, ఉద్యోగాలు ముడిపడ్డాక ఆ గీత గీయడం ఎవరివల్లా కాదు.

## ఎంపిక చేశాక

ఎన్ని ప్రాంతాలు ఉండాలి?

మధ్యస్థ ప్రభుత్వానికి పొరుగు కాకుండా రెండు లేదా మూడు. నాలుగో పేరు చేర్చాలని ఎవరైనా పట్టుబడితే, మొదటి మూడింటిలో ఎక్కడి నుంచి మనుషులను, డబ్బును తీస్తారో వాళ్లనే రాసివ్వమనండి.

ప్రతి రాజధానిలో రాయబార కార్యాలయం పెట్టే స్తోమత మాకు లేదు. ఎలా?

వియన్నా ఒప్పందం ఐదో అధికరణం ప్రకారం ఒకే రాయబారిని ఒకటి కంటే ఎక్కువ దేశాలకు నియమించవచ్చు. ఆరో అధికరణం ప్రకారం రెండు మూడు దేశాలు కలిసి ఒకే వ్యక్తిని రాయబారిగా పంపవచ్చు. సింగపూర్ చాలా దేశాలకు అక్కడ నివసించని రాయబారులతో పని నడుపుతోంది. వాళ్లు సొంత దేశంలోనే ఉండి, అవసరమైనప్పుడు వెళ్లివస్తారు. డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్ 1999లో బెర్లిన్‌లో ఒకే ప్రాంగణంలో తమ కార్యాలయాలు తెరిచాయి. ఎవరి భవనం వారిదే, సమావేశ మందిరం, ప్రదర్శనశాల ఉమ్మడి.

ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడలి నగరాన్ని ఎంచుకోవడం. అదిస్ అబాబాలో ఆఫ్రికన్ యూనియన్, జకార్తాలో ఆసియాన్, నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, బ్రస్సెల్స్‌లో ఐరోపా సమాఖ్య ఉన్నాయి. ఇలాంటి చోట ఒక్క మంచి అధికారి ఉంటే డజన్ల దేశాల ప్రతినిధులను నడిచి వెళ్లి కలవవచ్చు. కొన్నిసార్లు ఆ కూడలి రాజధాని కూడా కానక్కర్లేదు. డెన్మార్క్ 2017లో టెక్నాలజీ రాయబారిని నియమించి సిలికాన్ వ్యాలీలో కూర్చోబెట్టింది.

ప్రాధాన్యం దక్కని దేశాలు నొచ్చుకోవా?

ర్యాంకుల జాబితా బయటపెడితే నొచ్చుకుంటాయి. అది లోపలి కాగితంగానే ఉండాలి. బయటికి చెప్పేది ఏ పని మీద దృష్టి పెడుతున్నామన్నదే. ప్రతి దేశానికీ అందే కనీస మర్యాద ఒకటి ఉండాలి. ఉత్తరాలకు సకాలంలో జవాబు, విపత్తు వస్తే సానుభూతి, చేతనైన సాయం, జాతీయ దినోత్సవానికి సరైన స్థాయి ప్రతినిధి. ఈ మర్యాద ఓట్ల రోజున అక్కరకొస్తుంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తాత్కాలిక సభ్యత్వానికి సర్వసభ్య సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అక్కడ పది వేల జనాభా ఉన్న దీవికీ, వంద కోట్లు దాటిన దేశానికీ ఒక్కో ఓటే. సింగపూర్ చొరవతో 1992లో న్యూయార్క్‌లో ఏర్పడిన చిన్న దేశాల వేదికలో ఇప్పుడు వందకు పైగా సభ్యులున్నారు.

ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు) చాలా చేసుకున్నాం, ఒక్కటీ కదల్లేదు. ఎందుకు?

చాలావరకు ఎంఓయూకు యజమాని ఉండడు. పర్యటన తేదీ ఖరారయ్యాక ఏదో ఒకటి సంతకం చేయాలని తయారైన కాగితం అది. సంతకానికి ముందే ఇరువైపులా బాధ్యత తీసుకునే అధికారి పేరు, తొలి పని, దానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో తేలాలి. ఇవి తేలకపోతే సంతకం వాయిదా వేయడమే గౌరవం.

ఫలితాలు కనిపించడానికి ఎన్నేళ్లు పడుతుంది?

భారతదేశం 1990ల ఆరంభంలో తూర్పు వైపు చూపు తిప్పింది. 1992లో ఆసియాన్‌తో కొన్ని రంగాలకే పరిమితమైన భాగస్వామ్యం, 1995లో పూర్తి సంభాషణ భాగస్వామి హోదా, 2002లో శిఖరాగ్ర సమావేశం, 2010 జనవరిలో సరుకుల వాణిజ్య ఒప్పందం అమలు. మొదటి అడుగు నుంచి అక్కడికి దాదాపు 18 ఏళ్లు. మధ్యలో ఎన్నో ప్రభుత్వాలు మారాయి, దారి మారలేదు.

కాలం కలిసొస్తే వేగంగానూ జరుగుతుంది. దక్షిణ కొరియా 1989లో హంగరీతో, 1990లో సోవియట్ యూనియన్‌తో, 1992లో చైనాతో దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. ప్రచ్ఛన్న యుద్ధం చల్లారుతున్న ఆ కొద్ది ఏళ్లలో తలుపు తెరుచుకుంది. అప్పటికే సిద్ధంగా ఉండటమే సియోల్ గొప్పతనం.

## సవరించుకునేటప్పుడు

ఒక ప్రాంతం నుంచి వెనక్కి తగ్గాలంటే?

మెల్లగా, మెట్లు దిగినట్టు. కార్యాలయం మూసివేత చేసే చప్పుడు, తెరిచినప్పటి చప్పుడు కంటే పెద్దది. ఐర్లాండ్ 2011లో ఖర్చు తగ్గించుకోవడానికి వాటికన్‌తో సంబంధాలు చూసే తన రాయబార కార్యాలయాన్ని మూస్తున్నట్టు ప్రకటించింది. స్వదేశంలోనే పెద్ద దుమారం రేగింది. 2014లో మళ్లీ తెరుస్తామని చెప్పాల్సి వచ్చింది. అంతకుముందే వేరే దారులున్నాయి. సిబ్బందిని తగ్గించడం, పొరుగు దేశంలోని రాయబారికి అదనపు బాధ్యత ఇవ్వడం, గౌరవ కాన్సుల్‌ను (అక్కడే ఉంటూ కాన్సులేట్ పనులు కొంత చూసిపెట్టే వ్యక్తిని) నియమించడం. తగ్గుతున్న సంగతి ఆ ప్రభుత్వానికి పత్రికల కంటే ముందు మీ నోటి నుంచే తెలియాలి.

హఠాత్తుగా సంక్షోభం వస్తే జాబితా తిరగరాయాలా?

మొత్తం తిరగరాయొద్దు. సంక్షోభం సాధారణంగా మీరు పట్టించుకోని ఒక అవసరాన్ని చూపిస్తుంది, ఆ ఒక్కదాన్ని చేర్చండి. 1973 చమురు సంక్షోభంలో జపాన్ పశ్చిమాసియాపై తన వైఖరిని కొన్ని వారాల్లోనే మార్చుకుంది, డిసెంబరులో ఉప ప్రధాని తకేవో మికీని అరబ్ దేశాలకు పంపింది. అమెరికాతో బంధం మాత్రం అలాగే ఉంచుకుంది. ఇలాంటి రోజుల కోసం బడ్జెట్‌లో కొంత, సిబ్బందిలో కొందరిని ఏ ప్రాంతానికీ కేటాయించకుండా ఉంచుకోవడం మంచిది.

ప్రభుత్వం మారితే అన్నీ మొదటికొస్తాయా?

ఒక నాయకుడి పేరుతో ముడిపడితే వస్తాయి. ప్రతిపక్షానికి ముందే వివరించి, గడువుతో రాసుకున్న ప్రణాళిక నిలబడే అవకాశం ఎక్కువ. ఐర్లాండ్ 2018లో తన అంతర్జాతీయ ఉనికిని 2025 నాటికి రెట్టింపు చేయాలని ప్రణాళిక ప్రకటించింది. మధ్యలో ప్రధానమంత్రులు మారినా కొత్త కార్యాలయాలు తెరుచుకుంటూనే వచ్చాయి.

ఎన్నాళ్లకోసారి సమీక్షించాలి? ఏం చూడాలి?

పనులను ఏడాదికోసారి, ప్రాంతాల ఎంపికను నాలుగైదేళ్లకోసారి. పర్యటనలు, సంతకాల సంఖ్య చూడొద్దు. మొదట రాసుకున్న అవసరాలు తీసి, ఒక్కోదాని విషయంలో ఏం మారిందో ఆయా శాఖలను అడగండి. ఎరువు నిలకడగా అందుతోందా, నర్సులకు ఉద్యోగాలు దొరికాయా, రేవులో సరుకు ముందుకంటే త్వరగా కదులుతోందా? ఆ జవాబులు విదేశాంగ శాఖ నుంచి కాకుండా వ్యవసాయ, ఆరోగ్య, రవాణా శాఖల నుంచి రావాలి.